అప్‌డేట్: వై కుర్చీ కిర్రు ఆగింది

మూడు నెలల కింద అడిగింది నేనే. కోపెన్‌హాగన్‌లో పాత సామాన్ల సంతలో కొన్న ఓక్ కుర్చీ, డెన్మార్క్ డిజైనర్ హాన్స్ వెగ్నర్ 1949లో డిజైన్ చేసిన వై కుర్చీ (వీపు దగ్గర Y ఆకారం కర్ర ఉంటుంది), కూర్చుంటే కిర్రుమంటోంది, తాడుతో అల్లిన సీటు కుంగిపోయిందని రాశాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

అన్నిటికంటే ముందు చెక్క కీళ్ళు చూడమన్నవాళ్ళదే కరెక్ట్. పాత ఫర్నిచర్ బాగుచేసే ఒక పెద్దాయనకి చూపిస్తే, కుర్చీని తిరగేసి ఒక్క ఊపు ఊపి చెప్పేశారు: ముందు కాలికీ అడ్డకర్రకీ మధ్య జిగురు ఎండి పొడైపోయింది. అల్లిక ఉండగా ఆ కీలు విప్పడం కుదరదట. అందుకే అల్లిక మొత్తం కోసేసి, కీళ్ళు మళ్ళీ అంటించి, ఒక రోజంతా క్లాంపులు బిగించి ఉంచారు. ఆ తర్వాతే కొత్త అల్లిక. పురి తిప్పిన కాగితం తాడు, ఒక్క సీటుకి దాదాపు 120 మీటర్లు! చూడటానికి మన నులక మంచం గుర్తొచ్చింది, కానీ నులకలా వదులైనప్పుడల్లా లాగి బిగించుకునే వీలు దీనికి లేదు.

సీటు మీద తడిగుడ్డ వేస్తే బిగుసుకుంటుందని కొందరు చెప్పిన చిట్కా పనిచేయలేదు. అది కేన్ (పేము) అల్లికకి సరిపోతుందట, సాగిపోయిన కాగితం తాడు మళ్ళీ బిగుసుకోదు. కొందరు అనుమానించినట్టు చెక్కకి పురుగు పట్టలేదు. అసలుదా నకిలీదా అని మనం చేసిన చర్చకీ ఈ రిపేరుకీ సంబంధమే లేదు.

కొత్త తాడు కొన్నాళ్ళు సన్నగా కిరకిరలాడుతుంది, టెన్షన్ పడొద్దని ఆయన ముందే చెప్పారు. ఇప్పుడు అదీ తగ్గింది.