న్యూటన్ నైట్: వీరుడా, పారిపోయిన సిపాయా?

ఎర్రమట్టి:
అమెరికా దక్షిణాదిలో, మిసిసిపి రాష్ట్రం జోన్స్ కౌంటీలో న్యూటన్ నైట్ అని ఒక సన్నకారు రైతు ఉండేవాడు. తాత జాకీ నైట్‌కి చాలామంది బానిసలు. తండ్రి ఆల్బర్ట్‌కి ఒక్కరూ లేరు, ఇతనికీ లేరు. అమెరికా అంతర్యుద్ధంలో, బానిసత్వం నిలుపుకోవడానికి దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల ప్రభుత్వాన్ని కాన్ఫెడరేట్ అనేవారు. 1862లో ఆ కాన్ఫెడరేట్ సైన్యం వదిలేసి వచ్చాడు. లీఫ్ నది పక్కన చిత్తడి అడవుల్లో తనలాంటి రైతులను పోగేసి ఆ ప్రభుత్వం మీదే తిరగబడ్డాడు. నా లెక్కలో వీరుడు. మీరేమంటారు?

గోదారిగట్టు:
వీరుడెలా అవుతాడండీ? 1862 అక్టోబర్‌లో కాన్ఫెడరేట్ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. 20 మంది బానిసలున్న తోటకి ఒక తెల్లవాణ్ణి యుద్ధం నుంచి మినహాయించారు. అది చూసి అతనికి ఒళ్లు మండింది. కోపమంతా ఉన్నోడి మీద. బానిసల మీద జాలి ఎక్కడుంది ఇందులో?

ఎర్రమట్టి:
మొదలు ఎక్కడైతే ఏంటి? యుద్ధం అయిపోయాక, 1875లో మిసిసిపి గవర్నర్ ఏమ్స్ అతన్ని ఒక దళానికి కల్నల్‌ని చేస్తే, ఆ దళంలో మిగతా అందరూ నల్లవాళ్లే. తాత దగ్గర బానిసగా ఉన్న రేచల్ పేరున 160 ఎకరాలు రాశాడు. ఆ రోజుల్లో ఇంకెవరు రాశారో చెప్పండి.

గోదారిగట్టు:
కల్నల్ సంగతి తర్వాత. చట్టంలో 20 అని ఉందా, లేదా?

చిరుగాలి:
ఈ రికార్డు 20 దగ్గరే అరిగిపోయింది 😀

సీమసుబ్బడు:
పారిపోయిన సిపాయి ఎప్పటికీ పారిపోయిన సిపాయే. మా అన్న ఆర్మీలో 17 ఏళ్లు చేశాడు. అమ్మ ఆపరేషన్ కోసం వచ్చి రెండు రోజులు ఆలస్యమైతే ఎంత టెన్షన్ పడ్డాడో నేను చూశా. పారిపోయిన సైనికులను వెతకడానికి వచ్చిన కాన్ఫెడరేట్ మేజర్ మెక్‌లెమోర్‌ని 1863లో ఎలిస్‌విల్‌లో ఒక ఇంట్లోనే కాల్చేశారు. కాల్చింది నైటే అని అక్కడి వాళ్లు చెప్పుకుంటారు. దీనికి ఏమంటారు?

ఎర్రమట్టి:
1864లో కాన్ఫెడరేట్ కల్నల్ లౌరీ వేటకుక్కలతో వచ్చి, దొరికిన వాళ్లను ఉరి తీశాడు. దానికి మీరేమంటారు?

మామిడితోపు:
ఇంత రాశారు, సెరీనా పేరు ఒక్కరూ ఎత్తలేదే. ఆమె నైట్ పెళ్లాం. అదే పొలంలో రేచల్‌కీ పిల్లలు పుట్టారు. సెరీనా కొడుకు మ్యాట్‌కి రేచల్ కూతుర్ని, సెరీనా కూతురు మోలీకి రేచల్ కొడుకుని చేశారు. చివరికి సెరీనా అతన్ని వదిలేసి మోలీ దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె గురించి కూడా నాలుగు మాటలు రాస్తే మీ వీరుడికి ఏమైనా తక్కువైపోతుందా?

ఎర్రమట్టి:
అమ్మా, మా నాయనమ్మది చిన్నిల్లు. మూడేళ్ల కిందట మా తాత వంశవృక్షం అచ్చేయించారు. అందులో మా నాన్న పేరు లేదు. మా తాత కుంట భూమి కూడా రాయలేదు. నైట్ రాశాడు. అందుకే నాకు అతను వీరుడు, చాలా?

మామిడితోపు:
మా అమ్మమ్మది పెద్దిల్లు. తాతయ్య అటు వెళ్లిన రోజు వంట చేసి, తను తినకుండా పడుకునేది. పుస్తకంలో ఆమె పేరు ఉంది, నిజమే. పేరుంటే కడుపు నిండిందా? రేచల్ ఇష్టపడే అతని దగ్గర ఉందని మీకెవరు చెప్పారు? ఆ ఇంటి బానిస ఆమె. కాదనడానికి ఆమెకు వేరే చోటు ఉందా?

ఎర్రమట్టి:
ఆ మాట మా నాయనమ్మకీ వర్తిస్తుంది. కానీ అలా అంటే ఆవిడ ఒప్పుకునేది కాదు.

చిరుగాలి:
వంశవృక్షం అంటే గుర్తొచ్చింది. రేచల్ మునిమనవడు డేవిస్ నైట్ తెల్ల అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడని 1948లో కేసు పెట్టారు. అప్పట్లో అక్కడ ఎనిమిదో వంతు నల్ల రక్తం ఉంటే ఆ పెళ్లి నేరం. కోర్టులో ముసలివాళ్లను నిలబెట్టి రేచల్ ఎలా ఉండేదని అడిగారు. ఐదేళ్ల శిక్ష పడింది. 1949లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది.

మామిడితోపు:
పొలం ఇచ్చాడు సరే, ఆ పిల్లలు ఎవరని చెప్పుకోవాలో మాత్రం తేల్చలేదు.

ఎర్రమట్టి:
అది తేల్చనివ్వనిది చట్టం. అతను కాదు.

సీమసుబ్బడు:
మేజర్ మెక్‌లెమోర్ సంగతి ఎవరూ మాట్లాడరేం?