పదకొండు గీతలు వేసి పోర్ట్రెయిట్ అంటే ఒప్పుకోవాలా?

సత్యనారాయణపురం కుర్రాడు:
నాన్నగారి సంవత్సరీకానికి బొమ్మ వేయించాం. ఆర్టిస్టుది విజయవాడే. నాలుగు ఫోటోలు తీసుకున్నారు, రెండు రోజులు మా ఇంటికొచ్చి అమ్మతో కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నారు. చివరికి ఇచ్చినవి బ్రష్‌తో వేసిన నల్ల గీతలు. లెక్కపెట్టాను, పదకొండు. చెవి లేదు, ఒక కన్నూ లేదు. నాకైతే చూడగానే నాన్నే అనిపించింది. బాబాయి మాత్రం షేడింగ్ లేని బొమ్మకు అంత డబ్బా అని ఒకటే గొడవ. మీరేమంటారు?

బ్రాడీపేట నాలుగో లైను:
నాదీ మీ బాబాయి గారి మాటే. ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేశాను. ఫోటో మీద గళ్లు గీసి, ముడత ముడతా పెన్సిల్‌తో దించితే మూడు రోజులు పడుతుంది. మీకు నాన్నగారు కనిపించారంటే ఆయన ఇంకా మీ కళ్లలో ఉన్నారు కాబట్టి. రేపు మీ మనవడికి ఆ గీతల్లో ఏం కనిపిస్తుంది? ఎవరో ముసలాయన.

గీతల పిచ్చి:
మాస్టారూ, బాపు గారి బొమ్మలు చూస్తూ పెరిగాం. గీత గొప్పదనం మనకు ఒకరు చెప్పాలా?

బ్రాడీపేట నాలుగో లైను:
బాపు గారు ఎవరిని వేసినా ముందు కనిపించేది బాపు గారి గీతే బాబూ. వీళ్లకు కావలసింది నాన్నగారి పోలిక.

పటమట బ్రష్:
దెబ్బ గట్టిగానే తగిలింది! కానీ మాస్టారూ, మనవడి మాట దగ్గర కాస్త ఆగుదాం. నందలాల్ బోస్ 1930లో దండి యాత్ర గాంధీని లినోకట్‌గా, అంటే లినోలియం పలకను చెక్కి అచ్చు తీసే పద్ధతిలో, వేశారు. నల్లటి నేల మీద తెల్లటి గీతలు. చెక్కిన చోటు తెల్లగా పడుతుంది, తప్పు చెక్కితే రబ్బరుతో చెరపడం కుదరదు. ముఖం మీద చెయ్యి అడ్డం పెట్టి చూడండి. ఆ చేతికర్ర, ఆ వేసే అడుగు చాలు, గాంధీ ఎవరో తెలియనివాడికి కూడా ఈయన ఆగే మనిషి కాదని తెలుస్తుంది. గళ్లు గీసి దించితే వచ్చేది ఫోటో తీసిన ఆ ఒక్క క్షణం. మన పెద్దవాళ్ల ఫోటోలు తెలుసుగా, స్టూడియోలో ఊపిరి బిగబట్టి కూర్చున్నవి. ఆ ఆర్టిస్టు అమ్మగారి దగ్గర రెండు రోజులు కూర్చున్నది ఎందుకనుకున్నారు?

అలాగని షేడింగ్ దండగ అనను. ఫ్రాన్సు చిత్రకారుడు ఆంగ్ర్ రోమ్‌లో ఉన్న రోజుల్లో వేసిన పెన్సిల్ పోర్ట్రెయిట్లలో ముఖానికి సన్నగా నీడలు దిద్ది, కోటును గీతలతో వదిలేశాడు. నా కన్ను మాత్రం ఎప్పుడూ ఆ కోటు దగ్గరే ఆగుతుంది.

బ్రాడీపేట నాలుగో లైను:
గాంధీ ఉదాహరణ చెల్లదు. ఆ కర్ర దేశానికంతా తెలుసు. వీళ్ల నాన్నగారికి అలాంటి గుర్తేముంది?

సత్యనారాయణపురం కుర్రాడు:
ఉందండి, కళ్లజోడు. ముక్కు కొసకు జారినా పైకి తోసుకునేవారు కాదు, తలే వెనక్కి వంచి చూసేవారు. మొదట తెచ్చిన బొమ్మలో జోడు సరిగ్గా కళ్ల మీదే ఉంది. అమ్మ చూసి "ఎవరిదో తెచ్చారు" అంది. ఆర్టిస్టు మారు మాట్లాడకుండా వెళ్లి ఇంకోటి వేసుకొచ్చారు. ఆ ఒక్క గీతే కిందికి జరిగింది. ఈసారి అమ్మ కాసేపు చూసి, "ఆయనకి పేపరివ్వరా" అంది.

బ్రాడీపేట నాలుగో లైను:
నా షేడింగ్ బొమ్మలో జోడు కాస్త పైనున్నా ఎవరూ పట్టుకోరు, ఆ మాట ఒప్పుకుంటాను. డబ్బు తగ్గించకండి. మనవడి సంగతి మాత్రం వదలను, పక్కన ఒక ఫోటో కూడా తగిలించండి.