‘మొదటి వరుస మందు’ అంటే మీకేం అర్థమవుతోంది?

బైపోలార్ (మనసు అతిగా పొంగడం, కుంగడం మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకి మేనియా, అంటే ఆ పొంగు దశ, వచ్చినప్పుడు వాడే మందుల గురించి, ఇంట్లోవాళ్లు చదువుకునే కరపత్రం ఒకటి తెలుగు చేస్తున్నాను. ‘ఫస్ట్ లైన్’ని, అంటే మిగతావాటికన్నా ముందు చూడాల్సిన మందుల్ని, ‘మొదటి వరుస మందులు’ అన్నాను. చదివినాయన “ముందు సీట్లా?” అని నవ్వాడు. ‘మొదట ఇచ్చే మందు’ అంటే సరిపోతుందా?

▪ సరిపోదండీ. మనిషి ఒక్కచోట నిలవకుండా, మీద పడుతూ ఆసుపత్రికి వస్తే ముందు లోరాజెపాం లాంటిది ఇచ్చి నెమ్మదింపజేస్తారు. మొదట ఇచ్చింది అదే, కానీ మేనియాకి అసలు మందు అది కాదు.

▪ ‘తొలి ఎంపిక మందు’ అనేయండి.

▪ అలా అంటే ఉన్నది ఒక్కటే అనిపిస్తుంది. నేను ఫార్మసిస్టుని. లిథియం, వాల్‌ప్రోయేట్, క్వెటియాపిన్, రిస్పెరిడోన్, ఇవన్నీ ఆ కోవలోవే. ఎవరికి ఏదన్నది మనిషిని బట్టి. లిథియం గుణం కనపడడానికి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అందుకే ఉధృతంగా ఉంటే క్వెటియాపిన్, రిస్పెరిడోన్ లాంటి యాంటీసైకోటిక్‌ని ఒంటరిగానో లిథియంతో కలిపో మొదలుపెడతారు. కిడ్నీలు బాగోకపోతే లిథియానికి వెనకాడతారు. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లకి వాల్‌ప్రోయేట్ వీలైనంతవరకు వద్దంటారు, బిడ్డకి హాని. అప్పటికే డిప్రెషన్ మందు వాడుతుంటే దాన్ని ఆపేయడం మామూలు. వీటితోపాటు తప్పకుండా అడిగేది ఒకటుంది: పోయినసారి దేనితో తగ్గింది, ఏది పడక మానేశారు? ఆ సంగతి ఇంట్లోవాళ్లకే బాగా తెలుస్తుంది. కరపత్రంలో దాన్ని పెద్దక్షరాల్లో వేయండి.

▪ ‘వరుస’తో ఇంకో చిక్కు. వరుస అంటే వంతు కూడా కదా. ‘రెండో వరుస మందు’ రాశారంటే జబ్బు ముదిరిందేమోనని ఇంట్లో టెన్షన్ పడతారు. మొదటిది పడకపోయినా మారుస్తారని ఎవరికి తడుతుంది?

▪ (అడిగినవారు) అయితే ‘ముందుగా ఆలోచించే మందులు’?

▪ మందులే ఆలోచిస్తాయేమో అనుకుంటారు! ‘ఆలోచించే’ లాంటి మన క్రియాజన్య విశేషణంతో వచ్చే పేచీ ఇదే, చేసేదెవరో చెప్పదు.

▪ ‘ముందు ఎంచదగ్గ మందులు’ అని చూడండి. ‘దగ్గ’లో తగడం ఉంది, ఎవరికి తగినది వాళ్లకి. ‘లు’ ఉంది కాబట్టి ఒక్కటే అన్న భ్రమా ఉండదు.

▪ (అడిగినవారు) బాగుంది. ‘ఎంచడం’ అనగానే నాకు తప్పులెంచడమే గుర్తొస్తోంది, అయినా ఇదే వేస్తాను.