సమస్యాపూరణం: “గెలిచినట్టివాఁడె కేలు మోడ్చె”

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి.

*గెలిచినట్టివాఁడె కేలు మోడ్చె*

యుద్ధచరిత్రలోని ఘట్టమైనా సరే, మనిషి తెలివితక్కువతనమైనా సరే, రెండూ కలిస్తే మరీ మంచిది. గణాలు: గెలిచి / నట్టి / వాఁడె / కేలు / మోడ్చె. మొదటిది నగణం (మూడు లఘువులు), మిగతా నాలుగూ హగణాలు (గురువు, లఘువు), అన్నీ సూర్యగణాలే. యతి గె–కే. “వాఁడె”ను ఒత్తి పలకాలన్న ఉత్సాహంలో “వాఁడే” అని దీర్ఘం తీయకండి, రెండు గురువులై సూర్యగణం చెడుతుంది.

గెలిచినవాడే చేతులు జోడించడమనే విరోధం విప్పడానికి మూడు తాళంచెవులున్నాయి. ఎవరికి మోడ్చాడు? గెలిచిన ఎంతకాలానికి మోడ్చాడు? అసలు గెలిచింది దేన్ని? ఒక్కటి తిప్పితే చాలు. మూడూ తిప్పబోతే చోటు చాలదు, మీ చేతిలో ఉన్నవి 15 గణాలే.

విదేశీ పేర్లతో జాగ్రత్త. “నెపోలియన్”లో లఘువు వెంటనే గురువు వస్తుంది. సూర్యగణాల్లో గానీ ఇంద్రగణాల్లో గానీ అలా మొదలయ్యేది ఒక్కటీ లేదు. కాబట్టి “నె”ను ముందు గణం చివరికి నెట్టాలి: ఘనునె / పోలి / యన్ను. “యమాషిత”కూ అదే తంటా. ఆ పేర్ల కోసం నాలుగు విశేషణాలు దండగ చేసేకంటే “రాజు”, “సేనాని” అని ఊరుకోవడం మేలు.

నీలిసిరా:

*సింగపూరుకోట చేజిక్కఁగాఁ బొంగి*
*మూఁడు వత్సరముల మోద మణఁగె*
*బాగియోన నాఁడు పార్సివల్ చూడంగ*
*గెలిచినట్టివాఁడె కేలు మోడ్చె*

1942 ఫిబ్రవరి 15న సింగపూర్‌లో బ్రిటిష్ సేనాని పార్సివల్ లొంగింది జపాన్ సేనాని యమాషితకు. 1945 సెప్టెంబరు 3న ఫిలిప్పీన్స్‌లోని బాగియోలో యమాషిత లొంగిపోతుంటే సాక్షిగా ఉన్నవాళ్లలో పార్సివల్ ఒకడు.

అరసున్న:
ఎత్తుగడ గట్టిది. సిం–చే యతి చెల్లుతుంది (చ ఛ జ ఝలకు శ ష సలతో మైత్రి), బా–పా సరే. “పార్సివల్” సరిగ్గా రగణం, పేరే ఇంద్రగణమై కూర్చుంది. తప్పు ఒక్క అక్షరంలో ఉంది. “పొంగి” అన్నది సేనాని, “అణఁగె” అన్నది మోదం. క్త్వార్థానికీ (“పొంగి”) సమాపకక్రియకూ (“అణఁగె”) కర్త ఒక్కరే కావాలి. “పొంగె” అని ముగించండి, రెండో పాదం విడి వాక్యమవుతుంది, గణం మారదు.

పాతపటాలు:
లెక్కకు మూడున్నరేళ్లు. పద్యానికి మూడు చాలులెండి. ఇక్కడ అసలు చోద్యం అంకెల్లో ఉంది. లొంగిన మిత్రసేన 80,000 పైచిలుకు, ముట్టడించినవాళ్లు అందులో సగం కూడా లేరు. పైగా వాళ్ల దగ్గర గుండ్లు అడుగంటుతున్నాయి. ఆ సంగతి బయటపడేలోగా తేల్చేయాలని యమాషిత దబాయించాడు, అవతలివాళ్లు నమ్మారు. నీటి సరఫరా చేజారడం కూడా పార్సివల్‌ను కుంగదీసిందనుకోండి.

ఆటవెలది అభిమాని:
అదే ఘట్టం, ఇంకో వైపు నుంచి:

*కడలివైపు నిలిపి ఘనమైన తోపులు*
*వెనుక వైపు నడవి విడిచి యుండ*
*అటనె వచ్చి పట్టె నటమీఁద మూఁడేండ్ల*
*గెలిచినట్టివాఁడె కేలు మోడ్చె*

పాతపటాలు:
పద్యం బాగా పారింది. చరిత్ర దగ్గరే పేచీ. “తోపులన్నీ సముద్రం వైపే తిరిగి ఉండిపోయాయి” అనేది అందరూ చెప్పుకునే మాట, అందులో సగమే నిజం. 15 అంగుళాల పెద్ద తోపుల్లో కొన్నిటిని వెనక్కి తిప్పారు, పేల్చారు కూడా. గుండ్ల దగ్గర వచ్చింది చిక్కు. నిల్వ చేసినవి ఎక్కువగా ఓడల ఉక్కుకవచం చీల్చే రకం. అవి నేలలో లోతుగా దిగబడతాయి తప్ప, పరుచుకుని వచ్చే కాల్బలాన్ని పెద్దగా చెదరగొట్టవు. తోపు తిరుగుతుంది, దాని పొట్టలో ఉన్నది మాత్రం సముద్రం కోసం చేసింది.

అడవి మాట సరే. 1941 డిసెంబరు 8న మలయాలో దిగిన సేన, సైకిళ్ల మీద కూడా కదులుతూ, 70 రోజుల్లో పని ముగించింది.

అరసున్న:
“పట్టె నటమీఁద” దగ్గర యతి చూసి కొత్తవాళ్లు కంగారు పడకండి. పట్టెన్ + అట. నకారం ద్రుతం, యతి అచ్చుకే: అ–అ. “తోపుల గుండ్లు” సంగతి ఇమడ్చాలంటే మొదటి పాదం మొత్తం తిరగరాయాలి. నేనైతే వదిలేస్తాను, పద్యం “నిలిపి” అంది గానీ “తిరగవు” అనలేదు.

కొత్తచేతి కలం:

*పిరసు రోము సేన నోడించె రెండేండ్లు*
*మరల నిట్టి గెలుపు మనకు వలదు*
*అనుచు నావ లెక్కి యవనదేశము చేరె*
*గెలిచినట్టివాఁడె కేలు మోడ్చె*

అరసున్న:
మొదటి పాదంలో యతి లేదు. పి ఎక్కడ, ఓ ఎక్కడ? ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) అనుకుందామన్నా ర–డ పొసగవు. “పిరసు రోము సేన పీచ మడంచెను” అంటే పి–పీ కుదురుతుంది, పలుకుబడి కూడా మనదవుతుంది. గణాలు: పీచమ / డంచెను, రెండూ భగణాలు. మూడో పాదంలో అ–య మైత్రి సరే.

పాతపటాలు:
క్రీ.పూ. 280లో హెరాక్లియా, 279లో ఆస్కులం. రెండూ గ్రీకు రాజు పిరస్ గెలిచినవే, రెండూ అతని సేనను తినేసినవే. రోముకు పోయినవాళ్ల చోట కొత్తవాళ్లు ఊళ్లలోంచి వచ్చారు. పిరస్‌కు పోయినవాళ్లు సముద్రం అవతలి నుంచి వెంట తెచ్చుకున్న నమ్మకస్థులు, వాళ్ల చోటు నింపడానికి మనుషుల్లేరు. ఇది పద్యంలో రావలసింది, రాలేదు. పైగా అతను నేరుగా యవనదేశం చేరలేదు. మధ్యలో సిసిలీ వెళ్లాడు, ఇటలీకి తిరిగొచ్చి 275లో బెనెవెంటం దగ్గర పోరాడి, అప్పుడు ఇల్లు పట్టాడు.

నిర్వాహకుడు:
నా అభ్యంతరం వేరు. ఇల్లు చేరినవాడు ఎవరికి కేలు మోడ్చాడు? మూడు పాదాలూ ఒక కథ చెప్పి, నాలుగోది పక్కన నిలబడింది. తాళంచెవి తిరగలేదు. యతి దిద్దినా పూరణ కాలేదు, మళ్లీ ప్రయత్నించండి.

గణవిభజన:

*మాస్కొ చేరి సంధిమాటకై లేఖలు*
*వ్రాసి వ్రాసి యలసె రాజు, బదులు*
*పంపలేదు జారు, పైఁబడెఁ జలిగాలి*
*గెలిచినట్టివాఁడె కేలు మోడ్చె*

అరసున్న:
వ్రా–రా సంయుక్తయతి. జంటాక్షరంలో వకారానికి కాకుండా రేఫకు చెల్లించారు, నిక్షేపంగా చెల్లుతుంది. “వ్రాసి వ్రాసి”లో మొదటి “సి” లఘువే, తర్వాతి పదం జంటాక్షరంతో మొదలైందని గురువు చేయకండి. “బదులు / పంపలేదు” అని పాదం దాటించిన తీరు నాకు బాగా నచ్చింది. ఆ “బదులు” పాదం చివర వేలాడి ఎదురుచూస్తోంది, రాజు లాగే.

పాతపటాలు:
“పైఁబడెఁ జలిగాలి” దగ్గర ఆగుతాను. చలి ఓడించిందనేది ఓడినవాళ్లకు అనుకూలమైన మాట. ఇక్కడ రాజు నెపోలియన్, జారు రష్యా చక్రవర్తి. 1812 జూన్‌లో నీమెన్ నది దాటినవాళ్లు 4 లక్షల పైచిలుకు. సెప్టెంబరు 7న బొరొడినో ముగిసి మాస్కో చేరేసరికి వెంట ఉన్నది సుమారు లక్ష. మధ్యలో మంచు లేదు, ఎండ ఉంది. టైఫస్, విరేచనాలు, పచ్చిమేత తిని కడుపుబ్బి చచ్చిన గుర్రాలు, దారి పొడవునా కాపలాకు దిగవిడిచిన దళాలు, పారిపోయినవాళ్లు. గుర్రం చస్తే బండి ఆగుతుంది, బండి ఆగితే రొట్టె ఆగుతుంది. మాస్కో వదిలింది అక్టోబరు 19న, గట్టి మంచు పడింది నవంబరులో.

సంధి అడగడానికి దూతగా లొరిస్తోన్‌ను రష్యా సేనాని కుతుజోవ్ దగ్గరికి పంపిన మాట నిజం. పాత రాజధాని గెలిచినవాడు కబురు కోసం కాలిన ఊళ్లో నెల పైనే కూర్చున్నాడు. కేలు మోడ్చడం అక్కడే జరిగిపోయింది, చలిదాకా పోనక్కర్లేదు.

గణవిభజన:
ఒప్పుకుంటున్నాను. మూడో పాదం ఇలా మారుస్తున్నాను: *పంపలేదు జారు ప్రతిలేఖ యొక్కటి.* ప్రతిలేఖ / యొక్కటి: సల, భ. పం–ప్ర యతి. రెండో పాదం చివర “బదులు” ఉండగా “ప్రతిలేఖ” పునరుక్తి కాబట్టి అక్కడ “అలసె రాజు తుదకు” అంటాను.

అరసున్న:
చరిత్ర నిలిచింది, వేలాడే “బదులు” పోయింది. నాకు పాతదే ఇష్టం. మీ ఇష్టం మీది.

పాదచారి:

*మాట పట్టు గెలిచి మౌనమ్ము మిగులంగ*
*తప్పు తనదె యనుచుఁ దలుపు తట్టి*
*వాదులాడి విసిరి వైచిన మైత్రికై*
*గెలిచినట్టివాఁడె కేలు మోడ్చె*

యుద్ధం లేదు, క్షమించాలి.

నిర్వాహకుడు:
తోపుల్లేవు గానీ యుద్ధమే. మా–మౌ, త–ద, వా–వై అన్నీ శుభ్రం. “గెలిచి” మొదటి పాదంలోనూ సమస్యలోనూ వచ్చింది, ముందే చెప్పేస్తే చివరి పాదం దెబ్బ తగ్గుతుంది. “మాట పట్టు నెగ్గి” అనండి. “తలుపు తట్టి” దగ్గర మనిషి కనబడ్డాడు. అంతకు ముందు పద్యాల్లో సేనలే కనబడ్డాయి.

అరసున్న:
ఇక్కడ ఒక మాట. కేలు మోడ్చడం అంటే అంజలి ఘటించడం, వేడుకోవడం. లొంగిపోవడమంటే చేతులెత్తడం. బాగియో పద్యంలో కంటే మాస్కో పద్యంలోనూ, ఈ తలుపు దగ్గరా ఆ క్రియ సొంత అర్థంలో నిలబడింది.

శిలాక్షరి:
ఆ అర్థం మీదే నా పూరణ:

*రక్తసిక్తమైన రణభూమిఁ గన్గొని*
*శాసనముల శిలలఁ జాటె వగపు*
*ధర్మవిజయ మొకటె తనకుఁ జాలు నటంచు*
*గెలిచినట్టివాఁడె కేలు మోడ్చె*

అరసున్న:
తనకుఁజా / లునటంచు: నగ, సల. కూర్పులో బిగువుంది. శా–జా, ధ–త చెల్లాయి. పేరు చెప్పకుండానే అశోకుడని తెలుస్తోంది.

పాతపటాలు:
13వ శిలాశాసనం: పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు కళింగ గెలిచాననీ, లక్ష మంది హతులయ్యారనీ, లక్షన్నర మందిని తరలించామనీ అతనే చెక్కించాడు. ఓడినవాళ్ల లెక్క గెలిచినవాడే రాయించడం అరుదు. కానీ “శిలలఁ జాటె” అన్నారే, ఆ శాసనం కళింగలోని ధౌలి, జౌగడ రాళ్ల మీద లేదు. అక్కడ 11 నుంచి 13 వరకు తీసేసి, అధికారులకు వేరే ఆదేశాలు రెండు చెక్కించారు. మన ఎర్రగుడి బండల మీద ఆ వగపు ఉంది, దెబ్బ తిన్న ఊళ్లో లేదు.

శిలాక్షరి:
తెలిసే రాశాను. ఏ శిలలో చెప్పలేదు కదా.

నిర్వాహకుడు:
ఈ వారానికి నా ఓటు దీనికే.

గుఱ్ఱపునాడా:
ఆలస్యమైంది, ఇది కూడా చూడండి:

*పావు వంతు సేన పడిపోయె గిల్ఫర్డు*
*గెలుపులోన, నెలలు గిఱ్ఱు మనఁగ*
*యార్కుటౌను నందు నాయుధంబులు వీడి*
*గెలిచినట్టివాఁడె కేలు మోడ్చె*

పాతపటాలు:
కార్న్‌వాలిస్. అమెరికా స్వాతంత్ర్యయుద్ధంలోని ఈ బ్రిటిష్ సేనాని 1781 మార్చి 15న గిల్ఫర్డ్ కోర్ట్‌హౌస్ గెలిచాడు, ఉన్న 1,900 మందిలో 500 పైచిలుకు పోగొట్టుకుని. గాయపడ్డవాళ్లకు తిండి, మందు కోసం తీరం వైపు తప్పుకోవలసి వచ్చింది. ఆపైన వర్జీనియా, యార్క్‌టౌన్. సముద్రం మీంచి సాయం వస్తుందనుకుంటే సెప్టెంబరులో ఫ్రెంచి నౌకాదళం అడ్డుపడింది. అంతా సరే, “వాఁడె” దగ్గర తప్పు. అక్టోబరు 19న ఆయుధాలు అప్పగించే తంతుకు కార్న్‌వాలిస్ రాలేదు, ఒంట్లో బాగాలేదని తన కింది సేనాని ఓహారాను పంపాడు. కేలు మోడ్చింది ఓహారా.

గుఱ్ఱపునాడా:
షరతుల మీద సంతకం మాత్రం అతనిదే కదా? మూడో పాదం: *షరతు పత్రమందు సంతకంబునుఁ జేసి.* ష–స యతి. ఊరి పేరు పోయింది, గిల్ఫర్డు మిగిలింది.

అరసున్న:
పోనివ్వండి, చరిత్ర నిలబడింది. “సంతకంబునుఁ జేసి”లో “ను” గణం నింపడానికి తెచ్చింది. “సంతకం బొనరించి” అంటే అదే రగణం, అదే సలగణం, పూరకం ఉండదు.