అప్‌డేట్: మూడో తరగతి పాప స్కూల్ ట్రిప్ సంగతి

పోయిన నెల ఇక్కడ అడిగాను కదా, స్కూల్ వాళ్లు బొర్రా గుహలకు తీసుకెళ్తామంటున్నారు, మా పాపకు ఘాట్ రోడ్డులో వాంతులు, పంపాలా వద్దా అని. "టీచర్‌తో ఒకసారి మాట్లాడండి" అని చాలామంది చెప్పారు. మాట్లాడాను. ఇంకో నలుగురు తల్లులదీ ఇదే టెన్షన్ అట! చివరికి చిన్న తరగతులకు మా ఊళ్లోనే, అంటే విశాఖలోనే ట్రిప్ పెట్టారు.

మొదట సోమవారం అన్నారు. ఆ రోజు కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి సెలవని ఒక నాన్నగారు గుర్తుచేస్తే బుధవారానికి మార్చారు.

పొద్దున తొట్లకొండ. నిజం చెప్పాలంటే పిల్లలకు బోరు కొడుతుందనుకున్నాను. కొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్లు చూపించి, ఆ పేరు వీటి వల్లే వచ్చిందని టీచర్ చెప్పారట. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ భిక్షువులు వాన నీళ్లు దాచుకున్నారని విని, మా పాప ఇంటికొచ్చి మేడ మీద బకెట్లు పెట్టింది. ఇంకా అక్కడే ఉన్నాయి.

మధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో కురుసుర. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిన 91 మీటర్ల సబ్‌మెరైన్. లోపల గుండ్రటి తలుపుల్లోంచి దూరడమే వాళ్లకు పెద్ద ఆట. చెమటలు పట్టాయట, నీళ్ల బాటిల్ రెండోది ఇవ్వాల్సింది.

వార్షికోత్సవానికి సినిమా పాట బదులు థింసా (అరకు వైపు గిరిజనుల నృత్యం) నేర్పిస్తున్నారు. దానికి చీర కట్టు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.