మైరావణ కథలో బంగారక్క ఉండాలా, వద్దా?

తెరచాటు:
ఇంటిల్లిపాదీ కలిసి చూసేలా గంటన్నర తోలుబొమ్మలాట ఒకటి తయారుచేస్తున్నాం. కథ మైరావణ చరిత్ర. మైరావణుడు రామలక్ష్మణులను పాతాళానికి ఎత్తుకుపోవడం, హనుమంతుడు వెళ్లి విడిపించుకు రావడం. పేచీ అంతా ఆట మధ్యమధ్యలో వచ్చి నవ్వించే జుట్టుపోలిగాడు, అతని పెళ్లాం బంగారక్క, కేతిగాడి దగ్గరే వచ్చింది. పిల్లలు చూసే ఆట కాబట్టి ఆ ముగ్గురినీ తీసేయాలని సగం మంది, వాళ్లు లేకపోతే అది తోలుబొమ్మలాటే కాదని మిగతా సగం. మీరేమంటారు?

కోదండం:
తీసేయండి. పోలిగాడు పెళ్లాన్ని అనుమానించి తిట్టడం, కేతిగాడు మధ్యలో దూరి ఆమె మీద పడబోవడం, ఇదేగా అక్కడి హాస్యం? ఎనిమిదేళ్ల పిల్ల పక్కన కూర్చుంటే నవ్వలేం, లేచి పోలేం. పైగా రాముడి కథ నడుస్తుండగా!

ఆముదపుదీపం:
కోదండం గారూ, మీరు చెప్పిన జోకులు నాకూ నచ్చవు. కానీ జోకు పాతబడితే జోకు మార్చాలి గానీ మనిషిని వెళ్లగొట్టడం ఏమిటండీ?

ఆ ముగ్గురూ కేవలం నవ్వించడానికి వచ్చినవాళ్లు కాదు. తెర వెనక పాడేది చాలావరకు రంగనాథ రామాయణం ద్విపద. పదమూడో శతాబ్దపు తెలుగు, గోన బుద్ధారెడ్డి పేరున ఉన్నది. వినసొంపుగా ఉంటుంది, నిజమే. కానీ ఈనాటి పిల్లలకు సగం అర్థం కాదు. ఇప్పుడే జరిగింది మామూలు మాటల్లో మళ్లీ చెప్పేది కేతిగాడే. వాణ్ని తీసేస్తే ఆ పనికి మైకు పట్టుకుని ఒక వ్యాఖ్యాత నిలబడాలి. అంతకన్నా నీరసం ఉంటుందా? రాత్రంతా ఆడే రోజుల్లో జనం కునుకు తీయకుండా చూసిందీ, ఒక ఘట్టం బొమ్మలు దించి మరోటి ఎక్కించేదాకా తెరను కాపాడిందీ వీళ్లే.

పైగా వాళ్ల మాటలు కాగితం మీద ఉండేవి కావు. ఆ ఊరి కబుర్లు పట్టుకుని అప్పటికప్పుడు అల్లేవారు. కాబట్టి ‘అసలు పాఠం పాడుచేస్తున్నాం’ అన్న బెంగ అక్కర్లేదు. బంగారక్కను తిట్లు తినే మనిషిగా కాక, నిలదీసే మనిషిగా పెట్టండి. ఈ కథలో చోటు ఎలాగూ ఉంది. హనుమంతుడు వాలంతో కోట కట్టి కాపలా కాస్తుంటే మైరావణుడు విభీషణుడి వేషంలో లోపలికి పోతాడు కదా? అక్కడ కేతిగాణ్ణి చిన్న కాపలావాడిగా నిలబెట్టండి.

బంగారక్క: లోపలికి ఎవర్ని పంపావురా?
కేతిగాడు: విభీషణుణ్ణి.
బంగారక్క: మరి ఇటు నడిచి వస్తున్నదెవరు?
కేతిగాడు: ఆయనా విభీషణుడే.
బంగారక్క: ఎంతమందిరా విభీషణులు?
కేతిగాడు: లెక్కపెట్టమని నాకెవరూ చెప్పలేదక్కా!

ఇందులో బూతు ఎక్కడుంది? కథ కూడా ఒక్క అడుగు ముందుకే పడింది.

చిలకపలుకు:
సీరియస్ చర్చలో చిన్న డౌట్. హనుమంతుడు బ్రహ్మచారి కదా, పాతాళ ద్వారం దగ్గర ఎదురు నిలిచే మత్స్యవల్లభుడు ఆయన కొడుకెలా అయ్యాడని మా వాడు అడిగాడు. చెమటబొట్టు సముద్రంలో పడితే చేప మింగిందని చెప్పాను. "ఎవరి చెమటైనా పనిచేస్తుందా?" అన్నాడు. దీనికి జవాబు కేతిగాడే చెప్పాలి, నా వల్ల కాదు.

కోదండం:
విభీషణుల జోకు బాగుంది, ఒప్పుకుంటాను. నా భయం వేరే. నవ్వు అలవాటయ్యాక హనుమంతుడు తెర మీదికొచ్చినా జనం నవ్వుతారు. తండ్రీకొడుకులు గుర్తుపట్టుకునే చోట కేతిగాడు వెకిలి మాట విసిరితే ఆ ఘట్టం పోయినట్టే.

ఉలిదెబ్బ:
అందరూ రాతగాళ్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు. ఆడేవాళ్ల సంగతో? ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలు మీద బొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది అక్కడి నుంచే. కానీ ఇప్పుడు అదే తోలుతో దీపాల తొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు చేస్తే గానీ గడవడం లేదు. ఆట పిలుపులు తగ్గాయి. అరుదుగా పిలిచినప్పుడు కూడా చేతిలో డైలాగుల కాగితం పెట్టి ‘ఇది దాటొద్దు’ అంటే, ఆశువుగా మాట అల్లే నేర్పు కాస్తా పోతుంది. ఏం అనకూడదో ముందే కూర్చుని తేల్చుకోండి. పెళ్లాన్ని కొట్టడం వద్దు, కులం మీద, ఒంటి మీద జోకులు వద్దు. మిగతాది వాళ్లకు వదిలేయండి. యుద్ధంలో కాలి కింద చెక్కలు ఎప్పుడు దడదడలాడించాలో తెలిసినవాళ్లకు ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలీదా?

తెరచాటు:
పోలిగాడి చేతిలో కర్ర తీసేస్తున్నాం. మత్స్యవల్లభుడి ఘట్టంలో హాస్యగాళ్లు తెర మీదికి రారు. విభీషణుల ముక్క ఉంటుంది. ఇంకొక్కటి తేలలేదు. గంటన్నరలో వాళ్లకు పదిహేను నిమిషాలు చాలునా?

కోదండం:
పది చాలు.

ఉలిదెబ్బ:
కాగితం మీద పది రాసుకోండి. జనం ఈలలు వేస్తుంటే కేతిగాణ్ణి తెర మీంచి దించే మొనగాడెవరో కూడా ఇప్పుడే చూసుకోండి.