పోలీసు సర్టిఫికెట్ ఉంటే సరిపోతుందా? కేర్‌టేకర్లు, వృద్ధాశ్రమాల మీద విశాఖవాసుల చర్చ

సీతమ్మధార_ట్రైనర్

మా కాలనీ సంక్షేమ సంఘం ఒక తీర్మానం పెట్టింది. పోలీసు వెరిఫికేషన్ కాగితం లేని కేర్‌టేకర్‌ని, హోమ్ నర్సుని గేటు లోపలికి రానివ్వరట. కాగితం ఉంటే ఇక ప్రశ్నలేమీ ఉండవు. ఉద్దేశం మంచిదే. కానీ ఇంతటితో ఆపేస్తే మేలు కన్నా కీడే ఎక్కువని నేను వాదించాను. సగం మందికి కోపం వచ్చింది. మీరేమంటారు?

వృద్ధాశ్రమాలకీ, మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ల హోములకీ, హోమ్‌కేర్ ఏజెన్సీలకీ వెళ్లి సిబ్బందికి, యజమానులకి శిక్షణ ఇవ్వడం నా పని. ఎక్కడికి వెళ్లినా ముందు సిబ్బంది ఫైలు చూపించమంటాను. ఆధార్ జిరాక్సు, పాస్‌పోర్టు సైజు ఫోటో, కొన్నిచోట్ల పోలీసు కాగితం ఉంటాయి. "ఈయన ఇంతకుముందు పనిచేసిన చోటికి ఫోన్ చేశారా?" అంటే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

పోలీసు కాగితం చెప్పేదల్లా ఆ తేదీ నాటికి ఆ మనిషి మీద కేసుందా లేదా అన్నదే. మంచాన పడ్డ ముసలావిడ చేతిని మెలిపెట్టినవాడి మీద కేసు పెట్టేదెవరు? ఆవిడ చెప్పలేదు. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. ఏజెన్సీ పేరు పోతుందని వాడిని ఇంకో ఇంటికి పంపుతుంది. రికార్డులో మాత్రం మచ్చ ఉండదు.

పోర్టు_రిటైర్డ్

అమ్మా, ఆ తీర్మానం రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. మా వీధిలో పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన దగ్గర రాత్రి డ్యూటీకి కుర్రాణ్ణి పెట్టారు. ఆయన ఫోన్ పిన్ను ఆ కుర్రాడికే చెప్పేవారు, ఇంకెవరికి చెబుతారు? నెలల తరబడి పింఛను డబ్బు కొంచెం కొంచెంగా పోయింది. బయటపడ్డాక చూస్తే కుర్రాడు ఇచ్చిన చిరునామా కూడా అబద్ధమే. వెరిఫికేషన్ చేయించి ఉంటే అది మొదటి వారంలోనే తేలేది కాదా? పాస్‌పోర్టుకి పోలీసులు ఇంటికొచ్చి చూస్తారు. ఇల్లు అద్దెకిస్తే వివరాలు అడుగుతారు. మా ప్రాణాలు అప్పగించేవాడి వివరాలు అడిగితే తప్పా? శిక్షణంటారు, అవగాహనంటారు. దొంగకి శిక్షణ ఇస్తే మంచివాడైపోతాడా?

గాజువాక_హోమ్‌కేర్

నేను చిన్న ఏజెన్సీలో సూపర్‌వైజర్‌ని. సార్ బాధ అర్థమైంది. మా ఇబ్బంది కూడా వినండి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది శ్రీకాకుళం, పార్వతీపురం, పాడేరు వైపు వాళ్లు, కోరాపుట్, రాయగడ నుంచి వచ్చినవాళ్లు. కాగితం కోసం ఊరెళ్లి రావాలి, ఆ రోజుల కూలి పోతుంది. ఈలోగా ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయిన పేషెంటు వాళ్లు ఫోన్ చేసి "రేపొద్దున్నకి మనిషి కావాలి" అంటారు. కాగితం వచ్చేదాకా ఆగమంటే ఇంకో ఏజెన్సీకి పోతారు. నిజం చెప్పాలంటే కాగితం అడిగే కుటుంబాల కన్నా రేటు తగ్గించమనే కుటుంబాలే ఎక్కువ.

లీడ్స్_నర్సు (మాది పెదవాల్తేరు)

ఇంగ్లండ్‌లో కేర్ హోములో పనిచేస్తున్నాను కాబట్టి ఇక్కడి సంగతి చెబుతాను. 2012 నుంచి డీబీఎస్ అనే ప్రభుత్వ సంస్థ ఈ తనిఖీలు చేస్తోంది. మా పనికి కావలసింది ఎన్‌హాన్స్‌డ్ చెక్. అందులో శిక్షలతో పాటు, ఈ ఉద్యోగానికి సంబంధం ఉందని స్థానిక పోలీసులు అనుకున్న సమాచారం కూడా రావచ్చు. 2002లో సోహమ్ అనే ఊళ్లో ఇద్దరు ఆడపిల్లల్ని చంపినవాడు స్కూల్లో కేర్‌టేకర్, అంటే అక్కడ స్కూలు భవనాలు చూసుకునేవాడు. వాడి మీద అంతకుముందే వేరే జిల్లా పోలీసుల దగ్గర చాలా ఆరోపణలున్నాయి, శిక్ష మాత్రం పడలేదు, ఆ సమాచారం ఉద్యోగమిచ్చినవాళ్లకి చేరలేదు. ఆ దెబ్బతోనే 2006లో కొత్త చట్టం వచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యమైంది నిషేధిత జాబితా, అంటే ఇలాంటి పనుల్లో పెట్టుకోకూడనివాళ్ల పేర్లు. పిల్లలతో చేసే పనికి ఒకటి, పెద్దలతో చేసే పనికి ఒకటి. పేషెంటుకి హాని చేశాడని ఎవరినైనా అలాంటి పనిలోంచి తీసేస్తే సంస్థ డీబీఎస్‌కి తెలియజేయాల్సిందే. ఆ మనిషి ముందే రాజీనామా చేసి వెళ్లిపోయినా సరే. జాబితాలో ఉన్నాడని తెలిసీ పనిలో పెట్టుకుంటే అది నేరం.

ఇంత పకడ్బందీగా ఉన్నా ఏమైందో చెబుతాను. బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆసుపత్రి ఉండేది, మేధో వైకల్యం ఉన్నవాళ్లకి. 2011లో బీబీసీ రహస్యంగా తీసిన వీడియోలో సిబ్బంది పేషెంట్లని కొట్టడం, జుట్టు పట్టి లాగడం దేశమంతా చూసింది. 11 మందికి శిక్ష పడింది. అక్కడ పనిచేసిన ఒక సీనియర్ నర్సు అంతకుముందే యాజమాన్యానికీ, ఆసుపత్రుల్ని తనిఖీ చేసే సంస్థకీ మొరపెట్టుకున్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. తనిఖీ వ్యవస్థ ఉంది, చెప్పిన మనిషీ ఉన్నాడు. వినేవాళ్లే లేకపోయారు.

పోర్టు_రిటైర్డ్

అంటే తనిఖీ అక్కర్లేదంటారా?

లీడ్స్_నర్సు (మాది పెదవాల్తేరు)

అలా అనలేదండీ మావయ్యగారూ. తనిఖీ లేకుండా ఇక్కడ నన్ను వార్డులోకి అడుగు పెట్టనివ్వరు. కానీ సర్టిఫికెట్‌కి గడువు తేదీ అంటూ ఉండదు, ఇచ్చిన రోజుకే అది నిజం.

మద్దిలపాలెం_వకీలు

మన చట్టంలో ఉన్నదేమిటో చూద్దాం. 2020 పోక్సో నియమాల ప్రకారం పిల్లలతో మెలిగే ప్రతి సంస్థా సిబ్బందికి ఎప్పటికప్పుడు పోలీసు వెరిఫికేషన్ చేయించాలి, శిక్షణ కూడా ఇప్పించాలి. రెండూ కలిపే అడిగారు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టంలో సిబ్బంది నేపథ్యం గురించి అలాంటి నిబంధన లేదు. వృద్ధుల్ని వదిలేసినవాళ్లకి 3 నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంతే. నిస్సహాయుల్ని చూసుకుంటానని ఒప్పందం చేసుకుని గాలికొదిలేస్తే భారతీయ న్యాయ సంహిత 357వ సెక్షన్ ఉంది, అక్కడా శిక్ష 3 నెలలే. దివ్యాంగులకి మాత్రం 2016 చట్టం కొంత గట్టిది, 92వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా పడొచ్చు.

లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ 2018లో మొదలైంది, కానీ దాన్ని పోలీసులే చూడగలరు. ఏజెన్సీ కాదు, మీరూ కాదు. ఇంగ్లండ్ తరహా నిషేధిత జాబితా మనకి లేదు. కాబట్టి పాత యజమాని నోరు విప్పకపోతే కొత్త యజమానికి తెలిసే దారి దాదాపు లేదు.

అరిలోవ_ఆయమ్మ

మా పాప టైపు చేస్తంది, నేను చెప్తన్నాను. పన్నెండు గంటల డ్యూటీ చేస్తాను. కాగితం అడగండి, ఇస్తాం. నా మీద కేసేటీ నేదు. కానీ మా మనవల వయసు పిల్లడు ఒకడు గొడవలో ఇరుక్కున్నాడు, వాడి తప్పు నేదు, కేసింకా నడస్తంది. వాడికి మరి ఏ ఇంట్లోనూ పనివ్వరా?

ఇంకో మాట. నేను చేసిన ఒక ఇంట్లో ముసలమ్మకి అన్నం సరిగా పెట్టేవోరు కాదు. మాటిమాటికీ పక్క తడుపుద్దని నీళ్లు తగ్గించీసేరు. పెట్టనిది కోడలూ కొడుకూ. నేను చెప్తే "నీ పని నువ్వు చూసుకో" అన్నారు. మా ఆఫీసుకి చెప్తే పార్టీతో గొడవెందుకు అన్నారు. నాకు కాగితం అడిగేరు గానీ ఆ ఇంటికి ఎవులు అడుగుతారు? నేనెవులికి చెప్పాలి?

గాజువాక_హోమ్‌కేర్

అమ్మా, మా ఆఫీసులోనూ ఇదే జవాబు వచ్చి ఉండేది. దాచడం ఎందుకు.

సీతమ్మధార_ట్రైనర్

ఆయమ్మగారు చెప్పింది ఏ తీర్మానంలోనూ లేదు. హెల్పేజ్ ఇండియా సర్వేలు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నది ఇదే. వృద్ధుల్ని హింసిస్తున్నది ఎవరంటే ముందు వచ్చే పేర్లు కొడుకులవీ కోడళ్లవీ. పోలీసు కాగితం బయటి మనిషి మీదే గురి పెడుతుంది.

పోర్టు బాబాయిగారూ, దొంగకి శిక్షణ ఇవ్వమనడం లేదు. వాడి చుట్టూ ఉన్న మిగతావాళ్లకి ఇవ్వమంటున్నాను. వంటావిడ, వాచ్‌మన్, సూపర్‌వైజర్, ఆదివారం వీడియో కాల్ చేసే కొడుకు. నేను నేర్పేవి పెద్ద విద్యలు కావు. పాత యజమానికి ఫోన్ చేసి "మంచివాడేనా" అని అడిగితే అందరూ ఊ అంటారు. "మళ్లీ వస్తే పనిలో పెట్టుకుంటారా?" అని అడగండి, అవతలివాళ్లు తడబడితే అక్కడే తెలిసిపోతుంది. పని చేసిన కాలాల మధ్య ఖాళీలుంటే కారణం అడగాలి. కొత్త మనిషిని మొదట్లో రాత్రిపూట ఒంటరిగా వదలకూడదు. స్నానం చేయించేటప్పుడు ఒంటి మీద కమిలిన మచ్చ కనిపిస్తే, ముందూ వెనకా మనిషి బొమ్మ గీసిన కాగితం మీద ఆ చోటు గుర్తు పెట్టి తేదీ వేసి సంతకం చేయాలి. వారం తర్వాత "పాతదేమో" అని ఎవరూ తప్పించుకోలేరు.

డబ్బు సంగతి వేరే చెప్పాలి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్‌కి పెద్దాయన వేలిముద్ర కావాలి. ఎవరో ఆయన్ని పట్టుకుని కూర్చోబెడతారు, వేలు యంత్రం మీద పెడతారు. అదే చేత్తో ఇంకో కాగితం మీద ముద్ర వేయించడానికి ఎంతసేపు? ఒక హోములో చూశాను, బొటనవేలికి ఇంకా సిరా ఉంది, ఏ కాగితానికి వేయించారో గదిలో ఒక్కరూ చెప్పలేకపోయారు. పింఛనుకి సంబంధించిన ఏ ముద్రైనా, ఏ పిన్నైనా ఇద్దరి ఎదుట, పుస్తకంలో రాసి చేయాలని ఆ రోజు నుంచీ ప్రతిచోటా పట్టుబడుతున్నాను.

ఇక ఆయమ్మగారు చెప్పిన, కేసులో ఇరుక్కున్న పిల్లడి సంగతి. కేసుందని తెలియగానే తలుపు వేసేయకూడదు. కేసు దేని గురించి, ఈ పనికీ దానికీ సంబంధముందా అని సంస్థ కూర్చుని మాట్లాడి, నిర్ణయం రాసిపెట్టాలి. వీధి గొడవ వేరు, ముసలివాళ్లని మోసం చేసిన కేసు వేరు.

పోర్టు_రిటైర్డ్

నా మాట నేను వదలను. కాగితం ఉండాల్సిందే. కానీ ఊరెళ్లి తెచ్చుకునే ఖర్చు, ఆ రోజుల కూలి పనివాళ్ల నెత్తిన వేయడం అన్యాయం. అది పనిలో పెట్టుకునే ఇల్లు భరించాలని తీర్మానంలో చేర్పిస్తాను. పాత యజమానికి ఫోన్ చేయడం కూడా రాయిస్తాను. కుటుంబాల మీద నిఘా అంటే మాత్రం సంఘంలో ఒప్పుకోరమ్మా.

సీతమ్మధార_ట్రైనర్

ఒప్పుకోరని నాకూ తెలుసు. అక్కడే మనం విడిపోతున్నాం, నేను వచ్చే సమావేశంలో మళ్లీ అడుగుతాను.

ఆయమ్మగారూ, ఎవరికి చెప్పాలని అడిగారు. అరవై దాటినవాళ్లయితే 14567కి చేయండి, అది వయోవృద్ధుల కోసం పెట్టిన హెల్ప్‌లైన్, డబ్బు పడదు. అప్పటికప్పుడు ప్రమాదమైతే 112. వైకల్యం ఉన్న మనిషయితే, వయసెంతైనా, పోలీసులకి గానీ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకి (తహసీల్దారు లాంటి అధికారి) గానీ మీరే చెప్పొచ్చు. అలా చెప్పే వీలు 2016 చట్టంలోనే ఉంది. ఆ ముసలమ్మగారు ఇంకా ఆ ఇంట్లోనే ఉంటే ఈ రోజే ఫోన్ చేయండి. ఒంటరిగా మాట్లాడటానికి ఇబ్బందైతే నాకు మెసేజ్ పెట్టండి, పక్కన కూర్చుంటాను.